ఆకాశంలో ఏముందో చెప్పడానికి భయమెందుకు?

2022 డిసెంబర్ 7 పొద్దున మా కాలనీలో జనమంతా డాబాల మీదే ఉన్నారు. తెల్లగా, గుండ్రంగా ఏదో నడి ఆకాశంలో ఆగిపోయినట్టు కనబడుతోంది. బట్టలు ఆరేయడానికొచ్చిన పక్కింటి పెద్దమ్మ తడి చీర చేతిలోనే పట్టుకొని, "ఏంది బిడ్డా అది, మీద పడదు గదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం అప్పటికే అది గ్రహాంతరవాసుల ఎగిరే పళ్లెం అయిపోయింది. అదే రోజు వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో ఒక పెద్ద క్యాప్సూల్ పొలంలో దిగితే చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడికే పరుగెత్తాయి.

తర్వాత తేలిందేమిటంటే, అది హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం వదిలిన బెలూన్. దానికి కట్టింది అంతరిక్ష పర్యాటకం కోసం ఒక స్పెయిన్ కంపెనీ పరీక్షిస్తున్న క్యాప్సూల్. లోపల మనుషులు లేరు. విషయం తెలియగానే పెద్దమ్మ టెన్షన్ పోయింది.

ఎగిరే పళ్లేల మీద ప్రభుత్వాలు చేసే దర్యాప్తుల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ పొద్దుటి పూటే గుర్తొస్తుంది. నా ఉద్దేశంలో ఈ మిస్టరీలో పెద్ద భాగాన్ని పుట్టించింది ప్రభుత్వాలే.

అమెరికా సంగతే చూడండి. 1947లో రోస్‌వెల్ అనే ఊరి దగ్గర పడిన శకలాలు వాతావరణ బెలూన్‌వి అన్నారు. సోవియట్ అణుపరీక్షల జాడ పట్టే రహస్య ప్రాజెక్టుకు చెందిన బెలూన్ అని వైమానిక దళం ఒప్పుకోవడానికి 1994 దాకా పట్టింది. ఇంతకన్నా దారుణం యూ-2 అనే రహస్య నిఘా విమానాల వ్యవహారం. 1950ల చివర, 60లలో ఎగిరే పళ్లేలు చూశామని వచ్చిన ఫిర్యాదుల్లో సగానికి పైగా నిఘా విమానాల వల్లేనని అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ పత్రికలోనే ఒక చరిత్రకారుడు 1997లో రాశాడు. ఆ ఫిర్యాదులపై దర్యాప్తు చేసే వైమానిక దళం ప్రాజెక్టు బ్లూ బుక్ అధికారులకు ఆ విషయం తెలుసు. తెలిసీ, మంచు స్ఫటికాలనీ, గాలిలో ఉష్ణోగ్రత తేడాలనీ జనానికి చెప్పి పంపారు. అంటే తన కళ్లతో చూసింది చెప్పిన పైలట్‌ను, నీ కళ్లే తప్పన్నారు. 1969లో ఆ ప్రాజెక్టు మూసేసేనాటికి 12,618 కేసుల్లో 701 తేలకుండా మిగిలాయి. తేలాయన్న వాటిలోనే అబద్ధాలున్నప్పుడు ఆ 701 గురించి ఏం చెప్పినా ఎవరు నమ్ముతారు? గ్రహాంతర వాహనాలకు ఆధారాలేవీ లేవని 2024 మార్చిలో అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ నివేదిక ఇచ్చింది. అది నిజమేనని నేను నమ్ముతాను. నమ్మనివాళ్లను మాత్రం తప్పుపట్టలేను.

మన దగ్గరా ఇలాంటివి జరిగాయి. 2012-13లో లద్దాఖ్ సరిహద్దులో వింత వెలుగులు కనబడుతుంటే చైనా డ్రోన్లేమోనని సైన్యం 329 సార్లు నమోదు చేసింది. చివరికి బెంగళూరు ఖగోళ శాస్త్రవేత్తలను అడిగారు. సైనికులు రాసుకున్న వేళలు, దిక్కులు ఆకాశ పటంతో సరిచూస్తే అవి గురుడు, శుక్రుడు అని తేలింది. ఆ చలిలో రాత్రంతా మేలుకొని లెక్క రాసిన జవాన్ల మీద నాకు గౌరవమే ఉంది. వాళ్ల రాతలు శ్రద్ధగా ఉన్నాయి కాబట్టే జవాబు దొరికింది. బయటివాళ్లను అడగడానికి సైన్యం సిగ్గుపడలేదు కాబట్టి కూడా.

మరి 2023 నవంబర్ 19న ఇంఫాల్ విమానాశ్రయం సంగతేమిటి? గుర్తు తెలియని వస్తువు కనబడిందని గంటల తరబడి విమానాలు ఆపేశారు, రఫేల్ యుద్ధ విమానాలను పంపారు. గగనతల రక్షణ వ్యవస్థను అప్రమత్తం చేశామని, ఆ చిన్న వస్తువు తర్వాత కనబడలేదని వైమానిక దళం ప్రకటించింది. అప్పటికే గొడవలతో నిద్ర లేని మణిపూర్‌కు ఆ రెండు ముక్కలు సరిపోతాయా?

వివరాలు బయటపెడితే రాడార్ల సత్తా శత్రువుకు తెలిసిపోతుందన్న వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు. కానీ ఎవరూ రాడార్ లెక్కలు అడగడం లేదు. ఏమని తేల్చారో చెప్పమంటున్నారు. ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ 2007 నుంచి ఇలాంటి దర్యాప్తుల ఫైళ్లను ఇంటర్నెట్‌లో పెడుతూనే ఉంది.

చెప్పడమంటే జనం భాషలో చెప్పడం కూడా. హైదరాబాద్ నిండా రక్షణ, అంతరిక్ష పరిశోధన సంస్థలే. వాటి మాట ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే బయటికొస్తుంది. అది మర్పల్లికి చేరేలోపు వదంతి తెలుగులో చేరిపోతుంది. బెలూన్ కేంద్రం వాళ్లు బెలూన్లు వదిలే ముందు పత్రికలకు ప్రకటన ఇస్తారు: రంగుల పారాచూట్‌తో పరికరాలు పడితే ముట్టుకోవద్దు, పోలీసులకు చెప్పండి అని. మంచి అలవాటే. ఆ నాలుగు వాక్యాలు తెలుగులో, ఆ రోజు పొద్దున్నే, గాలివాటానికి ఉన్న ప్రతి పంచాయతీ వాట్సాప్ గ్రూపులో పడాలి. మా పెద్దమ్మ ఫోన్‌లో కూడా పడాలి.