చేతికందేట్టే పెట్టాను

మా అమ్మ పదకొండు రోజులుండి, ఆదివారం సాయంత్రం నారాయణాద్రి ఎక్కి తెనాలి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, "ఇల్లంతా సర్దేశానే. ఇక నీకు ఏ ఇబ్బందీ ఉండదు" అంది. ఆ మాటకున్న లోతు నాకు సోమవారం పొద్దున ఆరుంపావుకి గానీ తెలిసిరాలేదు.

ముందు మా ఇంటి భూగోళం కొంచెం చెప్పాలి. నేను చక్రాల కుర్చీ మనిషిని. పన్నెండేళ్ళ క్రితం ఓ లారీ, నా స్కూటీ ఒకే మలుపుని ఒకేసారి ఇష్టపడ్డాయి. ఆ కథ ఇప్పుడొద్దు. హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం, లోను మీద కొన్న రెండు గదుల ఫ్లాటు, అందులో నేనొక్కదాన్నే. కుర్చీలో కూర్చుని చెయ్యి చాపితే నేల నుంచి నాలుగడుగుల దాకా అందుతుంది. కాబట్టి నా రాజ్యానికి అదే పొలిమేర. ఉప్పూ పప్పూ, గిన్నెలూ గరిటెలూ అన్నీ ఆ లోపలే. ఆ పైనున్నదంతా ఆకాశం. అక్కడ ఫ్యానూ, బల్లులూ కాపురముంటాయి.

ఇల్లు కొన్నప్పుడు వంటగట్టు ఎత్తు తగ్గించి, కింద మోకాళ్ళు దూరేట్టు ఖాళీ వదిలించాను. పైన అరలు వద్దన్నాను. వడ్రంగి ఒప్పుకోలేదు. "పైన కబోర్డులు లేకుంటే ఇల్లు బోసిగా ఉంటది మేడమ్, రేపు అమ్మాలన్నా రేటు రాదు" అని భయపెట్టి, ఈ జన్మలో నాకందని నాలుగు అరలు నా డబ్బుతోనే బిగించి పోయాడు. నాలుగేళ్ళుగా అవి ఖాళీగానే ఉన్నాయి. అమ్మ వచ్చేదాకా.

"డబ్బాలన్నీ పెళ్ళిపందిట్లో చుట్టాల్లాగా గట్టుమీద ఈ కూర్చోవడమేంటే, అంతంత అరలు పెట్టుకుని?" అని వచ్చిన రోజే అంది. నేను పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

సోమవారం పాలు పొయ్యిమీద పెట్టి కాఫీ పొడి కోసం చెయ్యి చాపాను. ఒక్క ఉప్పు డబ్బా తప్ప గట్టు అద్దంలా ఉంది. ఫోను చేశాను.

"అమ్మా, కాఫీ పొడి ఏదీ?"

"పైన పెట్టానే."

"పైనంటే?"

"పైన అరలో. చేతికందేట్టే పెట్టాను."

"ఎవరి చేతికమ్మా?"

అవతల కాసేపు చప్పుడు లేదు. "అయ్యో నా మతి మండా" అంది. వెంటనే తేరుకుని, "పోనీ, కుర్చీ వేసుకుని తియ్యి" అంది.

"కుర్చీలోనే ఉన్నానమ్మా."

నా దగ్గర ఓ పనిముట్టుంది. పొడుగాటి కడ్డీ, ఒక చివర మీట, ఇంకో చివర చిలకముక్కు. మీట నొక్కితే ముక్కు పట్టుకుంటుంది. కింద పడ్డ రిమోటు, పేపరు, ఉతికిన జాకెట్టు దాకా దాని ప్రతాపం. కిలో డబ్బాని చూస్తే నోరు తెరిచి అలాగే ఉండిపోతుంది. ఇక మిగిలింది దోటి. చిన్నప్పుడు మా పెరట్లో మామిడికాయల దగ్గర దోటి పట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరు. బూజుకర్ర చివర బట్టల హ్యాంగరు వంచి కట్టాను. కుర్చీకి బ్రేకులు వేశాను. తలుపు రెక్క తెరుచుకుంది. కాఫీ డబ్బా వెనక్కి కొక్కెం పోనిచ్చి, గురి చూసి లాగాను.

కాఫీ డబ్బాకి ముందు పసుపు డబ్బా ఉందని నాకేం తెలుసు?

మాకు పసుపంటే దుగ్గిరాల పసుపే. తెనాలికి కూతవేటు దూరం, పెద్ద పసుపు మార్కెట్టు ఉన్న ఊరు. అక్కణ్ణుంచి కొమ్ములు తెప్పించి, ఎండబెట్టి, దగ్గరుండి మర పట్టించి తెచ్చింది అమ్మ. రెండు కిలోలు. ఒక్కదానికి ఇంత పసుపెందుకమ్మా అంటే, "ఏడాదంతా వస్తుందిలే" అంది. నాలుగు సెకన్లు కూడా రాలేదు. మూత సరిగ్గా పట్టని ప్లాస్టిక్ డబ్బా గాల్లోనే పల్టీ కొట్టి నన్ను నిలువునా అభిషేకించింది. కళ్ళు మూసుకుని తుమ్ముతుంటే పాలు పొంగిన వాసన. తడుముకుంటూ స్టవ్ కట్టేశాను. కాఫీ డబ్బా అంగుళం కూడా కదల్లేదు.

అప్పుడు కాలింగ్ బెల్ మోగింది.

ఎదురింటి ఆంటీ. కరివేపాకు కోసం. ఈవిడ నాలుగేళ్ళుగా లిఫ్టు దగ్గరా, వినాయకచవితి పందిట్లోనూ నన్ను అడిగేది ఒకటే ప్రశ్న: "ఏమ్మా, ఏమైనా విశేషమా?" తలుపు తీశాను. ఆవిడ నన్ను పాదాల నుంచి పాపిటి దాకా చూసింది. జుట్టు, మొహం, మెడ, చేతులు అన్నీ పచ్చగా. ఆవిడ చెయ్యి బుగ్గ మీదికి వెళ్ళింది.

"అందుకేనా మీ అమ్మగారు పదకొండు రోజులున్నారు! ఇంత గుట్టుగానా!"

"కాదాంటీ, పసుపు మీద పడింది."

"పడాలమ్మా, పడాలి. ఎప్పుడో పడాల్సింది."

వినండి వినండి అంటూ ఆవిడ వెనకే బయల్దేరాను. చక్రాలు తిప్పే రిమ్ములు పసుపుకి జారుతున్నాయి. లిఫ్టు దాకా వెళ్ళేసరికి ఆవిడ మెట్లెక్కేసింది. నన్ను తప్పించుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదని అపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. వెనక్కి తిరిగి చూస్తే, మా గుమ్మం నుంచి లిఫ్టు దాకా రైలు పట్టాల్లా రెండు పచ్చటి గీతలు.

ఆ గీతల వెంబడే సెక్రటరీగారు వచ్చారు. "కొత్త టైల్సమ్మా" అన్నారు బాధగా. ఇదివరకు ర్యాంపు గురించి అర్జీ పెట్టినప్పుడు "ఉంది కదమ్మా" అన్నది ఈయనే. అడుగు ఎత్తు ఎక్కాలంటే ర్యాంపు పన్నెండడుగుల పొడవుండాలని ప్రభుత్వ ప్రమాణాలే చెబుతాయి. మా ర్యాంపు రెండడుగుల ఎత్తుని ఆరడుగుల్లో ఎక్కేస్తుంది. అది ర్యాంపు కాదు, జారుడుబల్ల. టైల్స్ మీద ఉన్న శ్రద్ధలో వీసమెత్తు దాని మీదుంటే... సరే, ఆ గొడవ మళ్ళీ ఎత్తుకుంటే ఈ రోజు తెల్లారదు.

ఈలోపు ఆంటీ పై అంతస్తు నుంచి మరో ఇద్దరిని వెంటబెట్టుకుని దిగింది. ఒకావిడ చేతిలో కుంకుమ భరిణె కూడా ఉంది. పెళ్ళి లేదని నమ్మించడానికి పది నిమిషాలు పట్టింది. నిరాశ దిగమింగుకుని ముగ్గురూ చీపుళ్ళు అందుకున్నారు. మంచివాళ్ళు, అది మాత్రం ఒప్పుకోవాలి. "కుషను కవరు ఎండలో వెయ్యమ్మా, పసుపు మరకని ఎండే లాగేస్తుంది" అని ఉపాయం చెప్పింది కూడా ఆంటీనే. మామూలుగానే నా స్నానం ముప్పావుగంట. ఆ రోజు గంటన్నర. బయటికొచ్చేసరికి వంటిల్లు తళతళలాడుతోంది, వాళ్ళు వెళ్ళిపోయారు, కిందకి క్యాబ్ వచ్చేసింది. కాఫీ లేకుండానే పరిగెత్తాను. చక్రాలతోనే లెండి.

ఎంత తోమినా గోళ్ళూ చెవి తమ్మెలూ మాట వినలేదు. బ్యాంకులో మేనేజరు గారు నా చేతులు చూసి "కంగ్రాట్స్ అండీ, లీవు ఎప్పటి నుంచి?" అన్నారు. ఓ పెన్షనరు తాతగారైతే పాసుబుక్కుతో పాటు నూట పదహార్లు కౌంటర్లోంచి తోశారు. "రూల్సు ఒప్పుకోవు తాతగారూ" అంటే, "అక్షింతలకి రూలేంటమ్మా" అని కోప్పడ్డారు. బతిమాలి వెనక్కిచ్చేసరికి వెనకాల క్యూ గుమ్మం దాటింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి అమ్మ ఫోను.

"ఎదురింటావిడ పొద్దున్నే చేసింది. అబ్బాయిదేవూరే?"

మొత్తం కథ చెప్పాను. విని, పెళ్ళి లేదన్నదానికంటే పసుపు పోయినందుకే ఎక్కువ బాధపడింది. కొరియర్లో ఇంకో రెండు కిలోలు పంపుతానంది. "సరే, ఇప్పుడైనా కాఫీ తాగు ముందు" అంది.

పాలు పెట్టి గట్టు వైపు చూశాను. పొద్దున ఉన్న ఉప్పు డబ్బా కూడా లేదు. ఎదురింటికి ఫోను చేశాను.

"ఆంటీ, డబ్బాలన్నీ ఎక్కడ పెట్టారు?"

"తుడిచి పైన సర్దానమ్మా. కాఫీ పొడి మాత్రం ముందు వరసలో, చేతికందేట్టే పెట్టాను."