జేబునిండా తొక్కలు

మా ఆఫీసులో ఆరోగ్యం పోటీ నడుస్తోంది. తిన్నదల్లా యాప్‌లో ఎక్కించాలి, తినేముందు ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి, వారం చివర ఎవరి కెలోరీలు అదుపులో ఉంటే వాళ్ళకి గిఫ్ట్ కూపన్. కూపన్ మీద నాకు ఆశ లేదు. పట్టికలో అట్టడుగున నా పేరు కనపడకపోతే అదే పదివేలు. అలా ఉండగా కార్తీకం చివరి సోమవారం బెంగళూరు బసవనగుడి వెళ్ళి దణ్ణం పెట్టుకుని వద్దామంది మా ఆవిడ. వర్క్ ఫ్రమ్ హోమ్ అని మెసేజ్ పడేసి, ఆవిడ చెప్పినట్టే జుబ్బా తొడుక్కుని బయల్దేరాను. నేషనల్ కాలేజీ మెట్రో స్టేషన్ దాకా మేం వెళ్ళాం. అక్కణ్ణించి జనమే మమ్మల్ని తీసుకెళ్ళారు.

కడలెకాయి పరిషె, అంటే అక్కడి శెనక్కాయల జాతర, చూడనివాళ్ళ కోసం ఒక్క ముక్క. బుల్ టెంపుల్ రోడ్డు పొడవునా, అటూ ఇటూ శెనక్కాయల కుప్పలు. పచ్చివి, వేయించినవి, ఉడకబెట్టి ఉప్పేసినవి. కోలారు, చింతామణి, శ్రీనివాసపురం, మాగడి వైపు నుంచి రైతులు బస్తాలతో దిగి, కుప్ప పోసి, సేరుతో కొలిచి అమ్ముతారు. మధ్యమధ్యలో బొరుగులు, బత్తాసులు, మిర్చి బజ్జీలు, పీచుమిఠాయి.

దీనికో కథ ఉంది. పూర్వం సుంకేనహళ్ళి, గుట్టహళ్ళి, మావళ్ళి, దాసరహళ్ళి రైతుల శెనక్కాయ చేలని ఓ ఎద్దు వచ్చి మేసి పోయేదట. పంట దక్కితే మొదటి కాయలు నీకేనని రైతులు బసవన్నకి మొక్కుకున్నారు. ఆ గుడి 1537లో కెంపేగౌడ కట్టించాడంటారు. లోపల ఒకే రాతిలో చెక్కిన నంది, ఎత్తు 15 అడుగులు, పొడవు 20 అడుగుల దాకా ఉంటుంది. ఆ విగ్రహం ఏటికేడు పెరిగిపోతుంటే నెత్తిమీద త్రిశూలం దించి ఆపారని ఇంకో కథ. ఈ రెండు కథలూ ఎవరైనా విడివిడిగానే చెబుతారు. కెలోరీలు లెక్కపెట్టుకునేవాడికి మాత్రం రెండూ ఒకే కథ. శెనక్కాయలు తింది, పెరిగింది. త్రిశూలం దించితేగానీ ఆగలేదు. ఆ పక్కనే దొడ్డ గణపతి గుడి, ఆయనకి వెన్న అలంకారం ప్రసిద్ధి. ఒకాయనకి శెనక్కాయలు, ఒకాయనకి వెన్న. పీనట్ బటర్ అమెరికావాళ్ళు కనిపెట్టారంటే నేను ఒప్పుకోను.

నేనేం తయారవకుండా వెళ్ళలేదు. రాత్రే లెక్క చూసుకున్నాను. పచ్చి గింజలు 100 గ్రాములకి 567 కెలోరీలు. అదే ఉడకబెట్టినవైతే నీళ్ళు పీల్చుకుంటాయి కాబట్టి 318 దగ్గర ఆగుతాయి. బజ్జీల వైపు తల తిప్పకూడదు, బత్తాసు ముట్టుకోకూడదు, ఉడకబెట్టిన కాయలు ఒక్క గుప్పెడు తిని బయటపడాలి. మా ఆఫీసువాళ్ళు పెట్టించిన ఆన్‌లైన్ క్లాసులో న్యూట్రిషనిస్ట్ అమ్మాయి కూడా అదే చెప్పింది, రోజుకి ఒక గుప్పెడు అని. ఆ గుప్పెడు ఎవరి చేతిదో చెప్పలేదు.

పరిషెలో గుప్పిళ్ళు మనవి కావు. ప్రతి కుప్ప దగ్గరా ఒక చెయ్యి లేస్తుంది. "రుచి నోడి సార్" అంటూ ఆ చేతిలోవి మన చేతిలోకి వచ్చేస్తాయి. రైతు చేయి చాచి పెడుతుంటే వద్దనడం మా ఇంటా వంటా లేదు. మా తాత హిందూపురం దగ్గర జీవితమంతా శెనక్కాయలే వేశాడు. వద్దంటే ఆయన ఆత్మ ఘోషిస్తుందని ఒక కుప్ప దగ్గర, నిజంగానే ఘోషిస్తుందేమోనని రెండో కుప్ప దగ్గర తిన్నాను. తర్వాత తాతని ఇబ్బంది పెట్టలేదు, నేనే తిన్నాను.

ఇక లెక్క ఎలా? ఆ అమ్మాయే చెప్పింది, తిన్న కాయల తొక్కలు పారేయకుండా కళ్ళముందు పెట్టుకోమని. పిస్తాపప్పుల మీద అమెరికాలో పరిశోధన చేశారట. తొక్కలు ఎదురుగా కనపడుతుంటే ఎంత తిన్నామో తెలిసి మనిషి తక్కువ తింటాడట. మంచి మాటే. కానీ ఆ పరిశోధనలో వాళ్ళంతా బల్లల ముందు కూర్చుని తిన్నవాళ్ళు. బుల్ టెంపుల్ రోడ్డులో ఇటు ఒకాయన మోచేయి, అటు ఒకావిడ చంకలో పిల్లాడి కాలు. నా కళ్ళముందు ఖాళీ ఎక్కడుంది? మా ఆవిడ సంచీలో పూజ సామాను, అందులో ఎంగిలి తొక్కలు వేస్తే ఇంటికి రానివ్వదు. మిగిలింది జుబ్బా జేబు. రోడ్డు మీద తొక్కలు పాదాలు మునిగేలా ఉన్నాయి, ఊరంతా తిని ఊరంతా కింద పడేస్తోంది. నేనొక్కణ్ణే తిన్నది తిన్నట్టు జేబులో వేసుకుంటూ, మధ్యలో మా మేనేజర్ గ్రూపులో పెట్టిన రెండిడ్లీల ఫోటోకి బొటనవేలు గుర్తు కొట్టి, ముందుకు సాగాను. మా ఆవిడ దర్శనం క్యూలోకి వెళ్ళింది.

అప్పుడు తగులుకుంది అవ్వ.

చింతామణి దగ్గర పల్లెటూరు, మాట తెలుగే. నా యాస విని ముచ్చటపడి, "తినప్పా, మన కాయలే" అంది. తింటున్నాను. అవ్వ నేలమీద గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. నేను నిలబడ్డాను. అంటే ఆవిడకి కనిపించేది నా నడుం దాకానే. నా చెయ్యి కుప్ప మీదికి వస్తుంది, పైకి పోతుంది, పోయింది జేబులోకి దిగుతుంది. మధ్యలో నోరనేది ఒకటుందని అవ్వకి తెలిసే వీలు లేదు.

"ఏమప్పా, ఆ జేబులో ఏమి?"

"ఏం లేదవ్వా."

ఆ జేబు అప్పటికి పూర్ణగర్భంతో ఉంది.

"నేను చూస్తానే ఉండా. కుప్పలోంచి జేబులోకి, కుప్పలోంచి జేబులోకి."

"కాయలు కాదవ్వా, తొక్కలు."

"తొక్కలు ఎవరన్నా దాచుకుంటారా?"

చుట్టూ నలుగురు ఆగారు. తొక్కలు ఎందుకు దాచుకున్నానో ఆ నలుగురికీ ఒప్పుకునేలా చెప్పాలి. "లెక్క కోసం" అన్నాను.

"ఏం లెక్క?"

"నేనెన్ని తిన్నానో."

"తినింది నీకు తెలీదా?"

ఈ ప్రశ్న మా హెచ్‌ఆర్‌ని అడగాల్సింది. కానీ అవ్వ నన్నడిగింది. ఇక లాభం లేదని జేబు పైకి పట్టుకుని పట్టామీద దులిపాను. పడుతూనే ఉన్నాయి. ఎంతసేపూ పడుతూనే ఉన్నాయి. నేనే కొంచెం వెనక్కి జరిగాను. అవ్వ నోరు తెరిచి చూసింది. దొంగ అనుకున్న మనిషి దొంగ కాదని తేలడానికీ, తిండిపోతని తేలడానికీ మధ్య ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"ఇన్నీ నా కాయలే?"

"అన్నీ కాదవ్వా, పై నుంచి వస్తూ అందరి దగ్గరా..."

ఈ మాటతో పరువు ఇంకాస్త నిలబడుతుందని ఎందుకు అనుకున్నానో తెలీదు. నలుగురు పదిమంది అయ్యారు. అవ్వ కళ్ళద్దాలు సరిచేసుకుని తొక్కలు ఏరడం మొదలుపెట్టింది. సంచీ పట్టుకుని బేరానికొచ్చినవాళ్ళు కూడా బేరం ఆపి చూస్తున్నారు. "ఇది నాది, ఎర్రమన్ను అంటింది చూడు. ఇదీ నాదే. ఇది నాది కాదు, ఇసకనేల కాయ. ఇది వేయించింది, మచ్చ పడింది. ఇవి ఉడకబెట్టినవి, థూ, తడి." ఎడమపక్క నా నేరం, కుడిపక్క ఇతరుల దగ్గర చేసిన నేరం. మధ్యలో ఒక తొక్క ఎత్తి వెలుతురులో చూసి, "దీంట్లో గింజ వదిలేసినావే! పంట అంటే అంత అలుసా?" అని నా చేతిలో పెట్టింది. ఆ పదిమందీ చూస్తుండగా ఆ గింజ తిన్నాను. తిని, అలవాటు కొద్దీ తొక్క జేబులో వేసుకున్నాను.

ఆ నవ్వు గుడి దాకా వినపడి ఉంటుంది.

అవ్వ తన వాటా తొక్కల్ని సేరులో పోసి కొలిచింది. సగానికి పైగా వచ్చాయి. "అర సేరు డబ్బులియ్యి" అంది. ఇక్కడ నాలో మనిషి తిరగబడ్డాడు. పగిలిన తొక్క ఎక్కువ చోటు పడుతుంది, కాయగా ఉన్నప్పుడు అంత ఉండదు, అర సేరు తొక్క అంటే పావు సేరు కాయ కూడా కాదు అన్నాను. వెనకనుంచి ఐడీ కార్డు మెళ్ళో వేసుకున్న కుర్రాడొకడు కరెక్టే అన్నాడు. వాడి పక్కవాడు కాదు, తొక్కలో తొక్క ఇమిడిపోతుంది కాబట్టి ఇంకా తక్కువే చూపిస్తోంది, అంకుల్ ముప్పావు సేరు తిని ఉంటారు అన్నాడు. ఇద్దరూ నన్ను వదిలేసి వాళ్ళలో వాళ్ళు పడ్డారు.

ఈలోగా పసుపు టీషర్టు వేసుకున్న వాలంటీర్ చీపురుతో వచ్చి, "సార్, ఇలా రోడ్డు మీద చెత్త వేయకండి. చదువుకున్నవాళ్ళు మీరే ఇలా చేస్తే ఎలా?" అంది. నేను చుట్టూ చూశాను. గణపతి గుడి నుంచి కింద సర్కిల్ దాకా, ఎక్కడా తారురోడ్డు కనపడటం లేదు. అంత తొక్కల్లో ఒక్క తొక్క కూడా నేను వేయలేదు. ఆ జనంలో జేబులో వేసుకున్న ఏకైక పౌరుణ్ణి పట్టుకుని, ఏరిన తొక్కలన్నీ మళ్ళీ ఎత్తించింది. పక్కనే ఒకాయన తొక్కలు ఊదుకుంటూ పోయాడు, ఆయన్ని ఏమీ అనలేదు.

క్యూఆర్ కోడ్ కొట్టడానికి ఫోన్ తీస్తే, యాప్ అడ్డం వచ్చి "నీళ్ళు తాగారా?" అని అడిగింది.

అదే సమయానికి మా ఆవిడ విభూతి పెట్టుకుని, కళ్ళల్లో ప్రశాంతతతో వచ్చింది. పొద్దున్నుంచి ఉపవాసం ఉంది మనిషి. అవ్వ మొదటినుంచీ వివరంగా చెప్పింది, ఒక్క తొక్క కూడా వదలకుండా. మా ఆవిడ నావైపు తిరగలేదు. రెండు సేర్లు కొలవమంది, పది రూపాయలు తగ్గించింది, సంచీ తెరిచి పట్టుకుని, "కొసరు వెయ్యవ్వా" అంది.

"కొసరు మీ ఆయన ముందే తినేసినాడమ్మా" అంది అవ్వ.

రాత్రి యాప్‌లో ఎక్కించబోతే "ఎన్ని గింజలు?" అని అడిగింది. మూసేశాను. ఈ వారం కూపన్ మా మేనేజర్‌కి వచ్చింది. ఆయన అయ్యప్ప మాలలో ఉన్నాడు. మధ్యాహ్నం ఒంటిపూట భోజనం, రాత్రి రెండిడ్లీలు. మాల వేసుకున్నవాళ్ళని పోటీలోకి ఎలా తీసుకుంటారని హెచ్‌ఆర్‌కి మెయిల్ కొట్టాను, జవాబు లేదు. పోనీ ఆయన్నే నాలుగు మాటలు అందామంటే, ఏం అనాలన్నా ముందు "స్వామీ" అనాలి.