డ్రమ్స్ అడిగితే వయోలిన్ పలికింది

నెల్లూరు మూలాపేటలో పెళ్లి రిసెప్షన్‌కి పాటల ప్రోగ్రామ్. సౌండ్ చెక్‌లో ఒక మెలోడీ పాటకి మెత్తటి బ్రష్ కిట్ (కర్రల బదులు బ్రష్‌లతో వాయించినట్టు పలికే డ్రమ్స్) కావాలని లాప్‌టాప్ నుంచి కీబోర్డుకి మార్పు పంపాను. కిక్ (పెద్ద డ్రమ్) కొట్టాల్సిన 36వ నోటు దగ్గర వయోలిన్ బొంగురుగా మూలిగింది. తబలా అన్న చెయ్యి ఆపి, "ఏంది అబ్బయా అది?" అన్నాడు. ఏం చెప్పను?

నేను పంపిన పద్ధతిలో డ్రమ్ కిట్ మార్చాలంటే ముందు బ్యాంక్, అంటే ఏ గుంపు శబ్దాలో, కీబోర్డుకి చెప్పాలి. అదీ రెండు ముక్కలు: కంట్రోల్ 0, కంట్రోల్ 32 అనే సందేశాలు. ఆ తర్వాతే ప్రోగ్రామ్ ఛేంజ్, అంటే ఆ గుంపులో ఎన్నో నంబరు శబ్దమో. నా ఫైల్లో ప్రోగ్రామ్ ముందు వెళ్లిపోయింది, బ్యాంక్ వెనకబడింది. ప్రోగ్రామ్ వచ్చేదాకా బ్యాంక్ అమలు కాదు. అంతే, మామూలు వాయిద్యాల బ్యాంకులో ఆ నంబరుకి ఉన్న వయోలిన్ పలికింది.

ఇక నంబర్ల గోల. బ్రష్ కిట్ మాన్యువల్లో 41, కేబుల్లో పోయేది 40, ఎందుకంటే అక్కడ లెక్క సున్నా నుంచి. ఒక సాఫ్ట్‌వేర్ ఒకటి నుంచి లెక్కేస్తుంది, ఇంకోటి సున్నా నుంచి. బ్యాంకూ అంతే: యమహా వాళ్ల ఎక్స్‌జీ పద్ధతిలో డ్రమ్స్‌కి 127, జనరల్ మిడి 2 (వేర్వేరు కంపెనీల కీబోర్డులకి ఉమ్మడిగా పెట్టిన శబ్దాల పద్ధతి, రెండో రూపం)లో 120. నా కీబోర్డుకి ఏది కావాలో మాన్యువల్ చివర్లో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. సెల్‌ఫోన్ లైటు వేసుకుని వెతికాను. అప్పటికే పెళ్లివారు ముందు కుర్చీల్లో కూర్చున్నారు, ఒకటే టెన్షన్.

మొదటి జనరల్ మిడి వచ్చింది 1991లో. ఇన్నేళ్లయినా లాప్‌టాప్ నుంచి ఏ కీబోర్డుకైనా ఒకే తీరుగా, నంబర్ల గోల లేకుండా కిట్ పేరు చూసి ఎంచుకునే వీలుంటే ఎంత బాగుండు!