డేటా షీట్ చూపించని థెరపీకి ఫీజు ఎందుకు?

హైదరాబాద్‌లో ఆటిజం థెరపీ సెంటర్ల బోర్డుల మీద స్పీచ్, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ)ల పక్కన ఇప్పుడు 'ఏబీఏ' (అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్, అంటే ప్రవర్తనను కొలుస్తూ మార్చే శాస్త్రం) అన్న మూడక్షరాలు కూడా చేరాయి. గంటల లెక్కన ఫీజు కట్టే తల్లిదండ్రులకు నెలాఖరున అందేది మాత్రం చాలా చోట్ల 'ఐ కాంటాక్ట్ ఇంప్రూవ్ అయింది, కుదురుగా కూర్చుంటున్నాడు' అన్న రెండు వాక్యాల రిపోర్టే. ఎంత నుంచి ఎంతకు పెరిగింది, ఎవరు లెక్కపెట్టారు, ఏ పద్ధతిలో లెక్కపెట్టారు అన్న ప్రశ్నలకు కాగితం మీద జవాబు లేకపోతే, అక్కడ జరుగుతున్నది ఓపికతో పిల్లలను ఆడించడం కావచ్చు, మంచి మనసుతో చేసే సేవ కూడా కావచ్చు. అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్ మాత్రం కాదు.

ఇది నా పట్టుదల కాదు, ఆ శాస్త్రం తనకు తాను పెట్టుకున్న షరతు. 1968లో డోనాల్డ్ బేర్, మాంట్రోజ్ వుల్ఫ్, టాడ్ రిస్లీ రాసిన వ్యాసం ఈ రంగానికి ఏడు లక్షణాలను నిర్దేశించింది. ప్రవర్తన కొలవదగినదై ఉండాలని, వచ్చిన మార్పు మనం చేసిన పని వల్లనే వచ్చిందని చూపగలగాలని అందులో ఉంది. థెరపీ మొదలుకాక ముందున్న స్థితిని కొన్ని రోజులపాటు నమోదు చేయకుండానే 'ఇంప్రూవ్ అయ్యాడు' అంటే, దేనితో పోల్చి అన్నట్టు?

మన ఇళ్లలో 'మొండి', 'పెంకి', 'కోపిష్ఠి' అన్న మాటలు ఎంత తేలిగ్గా పిల్లలకు అంటుకుంటాయో అందరికీ తెలిసిందే. వీటిలో ఏదీ లెక్కపెట్టడానికి పనికిరాదు. కూకట్‌పల్లిలోని ఏదో ఒక ఫ్లాట్‌లో నాలుగేళ్ల బాబు అన్నం దగ్గర పేచీ పెడుతున్నాడనుకుందాం. ఏబీసీ షీటులో ఆ సంఘటన ఇలా ఉంటుంది: 'రాత్రి 8.10. అమ్మ కంచం ముందు పెట్టింది. బాబు కంచాన్ని తోసేసి 40 సెకన్లు అరిచాడు. నానమ్మ ఫోన్ చేతికిచ్చింది. అరుపు ఆగింది.' ముందు జరిగినది (యాంటిసిడెంట్), ప్రవర్తన (బిహేవియర్), దాని తర్వాత జరిగినది (కాన్సిక్వెన్స్): ఏబీసీ అంటే ఈ మూడే. అంతకుమించి ఒక్క విశేషణం కూడా లేదు. ఇలాంటివి పదిహేను ఇరవై నమోదైతే, ఆ అరుపు ఫోన్ కోసమా, తిండి తప్పించుకోవడానికా, పెద్దల దృష్టి కోసమా, లేక ఆ కూర వాసనో మెత్తదనమో ఒంటికి పడకనా అన్నది తేలడం మొదలవుతుంది. గమనించాల్సింది ఇంకొకటుంది. ఫోన్ దొరకడం వల్ల బాబు అరుపు బలపడితే, అరుపు ఆగడం వల్ల ఫోన్ ఇచ్చే నానమ్మ అలవాటు కూడా బలపడుతోంది. షీటు బాబుతోపాటు ఇల్లంతటినీ కొలుస్తోందన్నమాట.

అసలు తిరకాసు కొలిచే పద్ధతిలో ఉంది. తల్లిదండ్రులు మోసపోయేదీ ఇక్కడే. అరగంట సెషన్‌ను పది నిమిషాల చొప్పున మూడు భాగాలు చేశారనుకోండి. ప్రతి భాగంలోనూ పిల్లవాడు ఒక్కసారి, రెండు సెకన్లపాటు అరిచాడు. ఆ భాగంలో ఒక్కసారి అరిచినా చాలు, టిక్కు పెట్టాలన్న పాక్షిక విరామ పద్ధతిలో అరుపులు నూటికి నూరు శాతం. పది నిమిషాలూ ఆపకుండా అరిస్తేనే టిక్కు పెట్టాలన్న పూర్తి విరామ పద్ధతిలో సున్నా శాతం. సంఖ్యగా చూస్తే మూడు అరుపులు. వ్యవధిగా చూస్తే అరగంటలో ఆరు సెకన్లు. పిల్లవాడు మారలేదు, అరుపు మారలేదు, కాగితం మీద అంకె మాత్రం నూరు నుంచి సున్నా దాకా ఎక్కడైనా ఉండొచ్చు. మొదటి నెల ఒక పద్ధతి, మూడో నెల మరో పద్ధతి వాడితే అద్భుతమైన ప్రగతిని కూర్చున్నచోటే తయారుచేయవచ్చు. అంత శ్రమ కూడా అక్కర్లేదు: రెండు గంటల సెషన్‌లో పన్నెండు సార్లు కొట్టినవాడు గంట సెషన్‌లో ఆరుసార్లు కొడితే 'సగానికి తగ్గింది' అని రాసేయొచ్చు. గంటకు ఆరు అన్న రేటు మాత్రం చెక్కుచెదరలేదు.

డేటా రాస్తూ కూర్చుంటే పిల్లలతో పని ఎప్పుడు చేయాలన్న వాదన నిలవదు. ప్రతి క్షణం రాయమని ఎవరూ అనలేదు. ఎంచుకున్న క్షణంలో మాత్రమే తలెత్తి చూసి టిక్కు పెట్టే పద్ధతి అందుకే ఉంది. జపం చేసేవారి వేలికి కనిపించే చిన్న కౌంటర్ చాలు. అదీ లేకపోతే ఒక జేబులో శనగలు పోసుకుని, ప్రవర్తన జరిగినప్పుడల్లా ఒకటి రెండో జేబులోకి మార్చినా లెక్క తప్పదు. అప్పుడప్పుడు ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, కనీసం 80 శాతం ఏకీభావం ఉందో లేదో చూసుకోవడం ఈ రంగంలో మామూలు నియమం.

ఏబీఏ మీద గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. పిల్లల్ని చెప్పినట్టు వినే బొమ్మలుగా మారుస్తుందని ఆటిజం ఉన్న పెద్దలే అంటున్నారు. 1987లో వారానికి 40 గంటల శిక్షణ పొందిన 19 మంది ఆటిజం పిల్లల్లో 9 మంది మామూలు తరగతుల్లో ఇమిడిపోయారని ప్రకటించిన ఐవార్ లోవాస్, ఆటిజం పిల్లలకు ఏబీఏను వాడిన తొలితరం మనస్తత్వవేత్త, అంతకు ముందు దండన పద్ధతులను కూడా వాడినవాడే. కాబట్టి ఆ విమర్శను కొట్టిపారేయలేం. కానీ ఏ ప్రవర్తనను ఎందుకు మార్చాలనుకున్నారో, ఏం చేశారో, పిల్లవాడు ఎన్నిసార్లు ఏడ్చాడో రాసి ఉన్న కాగితమే కదా ఆ విమర్శకులకు కూడా సాక్ష్యం! రాయని చోట తప్పు పట్టుకునేదెలా?

ఈ నగరానికి కొలతల మీద మోజు తక్కువేమీ కాదు. స్లిప్ టెస్టులు, వీకెండ్ టెస్టులు, ర్యాంకుల ఫ్లెక్సీలు, సెక్షన్ల మార్పిడి, ఇంటర్ పిల్లల ప్రతి వారమూ అంకెల్లోనే గడుస్తుంది. అయితే ఆ అంకె పడిపోతే మారాల్సింది ఎప్పుడూ పిల్లవాడే. కింది సెక్షన్‌కు పంపించేది అతన్నే, పాఠం చెప్పిన పద్ధతిని కాదు. ప్రవర్తన విశ్లేషణలో గ్రాఫు పైకి లేవకపోతే తప్పు కార్యక్రమానిది, మార్చాల్సింది బోధనను. ఒకే అంకెను రెండు వైపులా తిప్పవచ్చు. మన విద్యా వ్యాపారం దాన్ని పిల్లల వైపే తిప్పి పెట్టింది. కార్పొరేట్ కాలేజీల్లో పెరిగిన ఈ అలవాటే థెరపీ గదుల్లోకీ నడిచొచ్చింది. లేకపోతే ఆరు నెలలైనా మార్పు రాని పిల్లవాడి గురించి 'మీవాడు సివియర్ కేసండీ' అన్న మాట అంత సులువుగా రాదు.

అడిగే నాథుడు లేకపోవడం దీనికి తోడైంది. అమెరికాలో 1998లో ఏర్పడిన బిహేవియర్ అనలిస్టుల సర్టిఫికేషన్ బోర్డు 2023 నుంచి మన దేశం నుంచి కొత్త దరఖాస్తులను తీసుకోవడం ఆపేసింది. 1992 చట్టం కింద పునరావాస నిపుణులను నమోదు చేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్ మనకుంది. మేధో వైకల్యాలపై పనిచేసే జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోనే ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. వీటన్నిటి నీడలో ఉన్న నగరంలోనే ఒక తల్లి తన బిడ్డ డేటా షీట్ జిరాక్స్ అడిగితే 'అది మా ఇంటర్నల్ మేడమ్' అనే జవాబు వినాల్సి వస్తోంది. రోగి అడిగితే వైద్య రికార్డులను 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు డాక్టర్లను ఆదేశించాయి. అదే గడువును థెరపీ సెంటర్లకు కూడా రాష్ట్ర ప్రభుత్వం వర్తింపజేయాలి: ముడి షీట్లు, వాడిన పద్ధతి పేరు, సెషన్ నిడివి, లెక్కపెట్టినవారి సంతకంతో సహా.