ఉత్తదా, డి ఉన్నదా?

మా నెల్లూరు వైపు పెళ్లిళ్లలో విస్తరి ముందు కూర్చోగానే వచ్చేది స్వీటు కాదు, గ్యాస్ బిళ్ల. అది పంచడానికి క్యాటరింగ్ వాళ్ల అర్హత చాలదు. ప్రతి బంధువర్గంలోనూ ఒక పెద్దమనిషి ఉంటాడు. చొక్కా జేబులో కళ్లజోడు, దాని వెనక బిళ్లల అట్ట. మాలో ఆ పీఠం ఒక బావగారిది. మొన్న కోవూరు దగ్గర రిసెప్షన్‌లో ఆయన సేవలు చూసే భాగ్యం దక్కింది.

“బావా, నాకోటి ఇయ్యి.”

“ఉత్తదా, డి ఉన్నదా?”

“ఏంది బావా తేడా?”

“ఉత్తది పప్పన్నానికి. మటన్ ఉంది గదా, డి వేసుకో. కిందికి నెట్టేస్తాది.”

ఆ డి, ఉత్త బిళ్లకి కలిపే ఇంకో మందు, పేరు డాంపెరిడోన్. గుండె లయ తప్పే ప్రమాదం ఉందని 2014లోనే యూరప్‌లో దాని వాడకానికి కళ్లెం వేశారు. మటన్ వండిన రోజు పాపం వాళ్ల గతేమిటో! ఇంతలో పక్కనున్న ఐదో తరగతి పిల్లాడు చెయ్యి చాపాడు. బావ ఉత్త బిళ్లని పంటితో కొరికి సగం వాడి చేతిలో పెట్టాడు. ఆ ఉత్త బిళ్లే పాంటాప్రజోల్, కడుపులో యాసిడ్ తగ్గించే మందు. దాన్ని విరవకూడదు, పై పొర పోతే కడుపులోని యాసిడే మందుని పాడుచేస్తుంది. అసలు వేసుకోవాల్సింది తిండికి అరగంట, గంట ముందు. యాసిడ్ తోడే పంపులు పనిలోకి దిగే వేళకి మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. బావ పంపిణీ మా వరసకి వచ్చేసరికి కొరమీను ముక్కలు గొంతులు దిగిపోయాయి. అయినా చెయ్యి కడుక్కోకముందే అందరూ “అబ్బ, బో తేలిగ్గా ఉంది బావా” అన్నారు.

బావ వైద్యంలో మనిషికి ఒకటే జబ్బు. తల తిరిగితే గ్యాస్ తలకెక్కింది. వీపు లాగితే గ్యాస్ పట్టేసింది. కోడలికి కోపమొస్తే అదీ గ్యాసే. 1984లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్ అనే డాక్టరు, కడుపులో పుళ్లకి బ్యాక్టీరియా కారణమని నమ్మించడానికి దాన్ని తనే తాగి, వాంతులు చేసుకుని, కడుపు వాపు తెచ్చుకున్నాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. అంత అవస్థ దేనికి? కోవూరుకి ఓ కార్డు ముక్క రాసుంటే బావ చెప్పేవాడు.

మందుని అనడం లేదు. పుండు పడ్డవాళ్లకీ, నొప్పుల మాత్రలు తప్పని ముసలివాళ్లకీ అది కావాలి. కానీ చాలా జబ్బుల్లో నాలుగు నుంచి ఎనిమిది వారాలని దానికో లెక్కుంది. మనం రేషన్ కార్డులా జీవితాంతం పెట్టుకుంటాం. ఏళ్ల తరబడి మింగితే బి12, మెగ్నీషియం తగ్గొచ్చు. ఉన్నట్టుండి ఆపితే యాసిడ్ కొన్నాళ్లు మునుపటికంటే ఎక్కువ ఊరుతుంది. దాంతో “చూశావా, బిళ్ల లేకపోతే నేను బతకను” అని రుజువు దొరికినట్టే.

ఇక నవ్వు చాలు. మా వీధిలో ఒకాయన, షుగరు మనిషి, తెల్లారుజామున రొమ్ము కింద పట్టేసినట్టుందని మందుల షాపుకి నడిచి వెళ్లాడు. చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. కౌంటరు వెనక కుర్రాడు ఫోన్లోంచి మొహం ఎత్తలేదు. అట్టలోంచి రెండు కత్తిరించి ఇచ్చాడు. “గ్యాసన్నా, నాలుగడుగులు నడిస్తే పోతాది.” నడిచాడు. మధ్యాహ్నానికి లేడు.

గుండె కింది గోడకి రక్తం ఆగితే నొప్పి కడుపు పైభాగంలోనే రావచ్చు. షుగరున్నవాళ్లకి ఒక్కోసారి నొప్పే తెలీదు. ఇసిజి తియ్యడానికి పట్టేది నిమిషాలు. ఒళ్లంతా చెమటలు కారే మనిషిని పట్టుకుని గ్యాసనడానికి నీకు నోరెట్టా వచ్చిందిరా? చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుని చీటీ లేకుండా అమ్ముకున్నావు, సరే. ఆ నోటితోనే “108కి ఫోన్ చెయ్యన్నా” అనుంటే నీ గల్లాపెట్టెలో ఏం తరిగిపోయేది?

పరామర్శకి వచ్చినవాళ్లంతా గ్యాస్ గుండెకి కొట్టిందని తేల్చేశారు. కాదయ్యా, గుండెపోటు అన్నాను. “అదేలే, గ్యాస్ వల్ల వచ్చిన గుండెపోటు” అని నాకే సర్దిచెప్పారు.