డిజిన్వెస్ట్‌మెంట్ గారికి, ఆల్విన్ కాలనీ నుంచి

అయ్యా డిజిన్వెస్ట్‌మెంట్ గారూ,

మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలో తేలక ఈ ఉత్తరం రెండు రోజులు ఆగింది. పేపర్లోనేమో పెట్టుబడుల ఉపసంహరణ అని నోరు తిరగని మాట, అంటే సర్కారు తన కంపెనీల్లో వాటాలు వదిలించుకోవడం. 1999లో మీకంటూ ఒక శాఖ పెట్టారు, 2016లో దానికి దీపమ్ అని పేరు మార్చారు. ఇల్లు అమ్మకానికి పెట్టి గుమ్మంలో దీపం వెలిగించడమంటే ఇదే కాబోలు. అన్ని పేర్లున్నాయి గానీ 'అమ్మకం' అన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

మొన్న ఆటో ఎక్కి ఆల్విన్ కాలనీ పోనియ్ అంటే, ఆ కుర్రాడు "ఆల్విన్ అంటే ఎవరు సార్, లీడరా?" అన్నాడు. ఏం చెప్పమంటారు? ఆల్విన్ మా హైదరాబాద్‌లో ఒకప్పటి ప్రభుత్వ కంపెనీ. మా ఇంట్లో మొదటి ఫ్రిజ్ ఆల్విన్, మా నాన్న పెళ్లిళ్లకు మాత్రమే పెట్టుకునే వాచీ ఆల్విన్, ఆ రోజుల్లో సిటీ బస్సులకు బాడీలు కట్టిందీ ఆల్వినే. తొంభైల్లో ఫ్రిజ్‌ల వ్యాపారం ప్రైవేటు కంపెనీ వోల్టాస్‌కు పోయింది, మాకు కాలనీ మిగిలింది. మందులు తయారుచేసే ప్రభుత్వ కంపెనీ ఐడీపీఎల్‌దీ అదే కథ, కాకపోతే దాన్ని అమ్మలేదు, మంచాన పడేసి వదిలేశారు. 1961లో పుట్టిన ఆ కంపెనీలో పని నేర్చుకున్నవాళ్లే (డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారితో సహా) బయటికొచ్చి ఈ ఊరిని మందుల ఊరు చేశారు, కన్నతల్లి మాత్రం బాలానగర్లో బస్‌స్టాప్ అయింది.

అన్నిటికీ మిమ్మల్నే తిట్టను లెండి. ఎయిరిండియా నష్టాలు మా పన్నుల్లోంచే కట్టాం కదా, 1953లో టాటాల దగ్గర తీసుకున్నది 2022లో టాటాలకే ఇచ్చేస్తే నాకైతే హాయిగానే అనిపించింది.

కానీ 2018లో మీరు చేసిన బేరం ఉంది చూశారూ, దానికి దండం పెట్టాలి. పెట్రోలు అమ్మే హెచ్‌పీసీఎల్‌లో ప్రభుత్వం వాటాను ఎవరికమ్మారు? ప్రభుత్వానిదే అయిన చమురు తవ్వే కంపెనీ ఓఎన్‌జీసీకి, 36,915 కోట్లకు! వాళ్లు అప్పు తెచ్చి మరీ కొన్నారు, మీరేమో టార్గెట్ దాటేశామని లెక్క రాసుకున్నారు. మా ఆవిడ పోపుల డబ్బాలో దాచుకున్న డబ్బు నేను తీసుకుని ఆదాయం అని రాసుకుంటే ఇంట్లో ఏమవుతుందో మీకు తెలియదు.

చివరిగా ఒక్క సందేహం. మా బావమరిది రామచంద్రాపురంలో, కరెంటు ప్లాంట్ల యంత్రాలు చేసే ప్రభుత్వ కంపెనీ బీహెచ్‌ఈఎల్‌లో పనిచేస్తున్నాడు. అటు వెళ్లే సిటీ బస్సుల బోర్డు మీద ఎప్పటినుంచో ఆ పేరే ఉంటుంది. అది ఇంకా కంపెనీ పేరేనా, లేక అప్పుడే స్టాపు పేరైపోయిందా, కాస్త కనుక్కుని రాయండి. వాడు హోమ్ లోన్ తీసుకుందామనుకుంటున్నాడు.

ఇట్లు,
ఆల్విన్ కాలనీ వాసి