పెట్టుబడి లేని వ్యాపారం: తెలుగు ఔత్సాహికులకు ఒక మనవి

వ్యాపారంలో మనవాళ్లని మించినవాళ్లు లేరని మనకో గట్టి నమ్మకం. రొయ్యల చెరువులు తవ్వాం, కోళ్ల ఫారాలు పెట్టాం, చిట్టీలు కట్టించాం, రాళ్లగుట్టల్ని ప్లాట్లుగా కోసి అమ్మాం, ఇంటర్మీడియట్ చదువుని హాస్టల్‌తో కలిపి ప్యాకేజీ చేశాం. ఇన్ని చేసినవాళ్లం, అన్నిటికన్నా లాభసాటి బేరాన్ని ఇన్నేళ్లుగా దొరలకి వదిలేసి కూర్చున్నామంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఆ బేరం పేరు అకడమిక్ జర్నళ్ల ప్రచురణ, అంటే పరిశోధన వ్యాసాలు అచ్చేసే పత్రికల వ్యాపారం.

ముందు లెక్క చెబుతాను, లెక్క చెప్పందే మనవాళ్లు వినరు. ఎల్సెవియర్ అనే పెద్ద ప్రచురణ సంస్థ యజమాని రెల్క్స్ గ్రూపులో శాస్త్ర, వైద్య ప్రచురణల విభాగం 2023లో సుమారు 306 కోట్ల పౌండ్ల రాబడి మీద 116 కోట్ల పౌండ్లకు పైగా లాభం చూపించింది. అంటే నూటికి 38. రొయ్యకి తెల్లమచ్చ తెగులు వస్తుంది, కోడికి బర్డ్ ఫ్లూ వస్తుంది, ప్లాటుకి హైడ్రా వస్తుంది. జర్నల్‌కి ఏ రోగమూ రాదు.

పద్ధతి కూడా సులువే. ఏ సీసీఎంబీ పరిశోధనశాలలోనో, ఉస్మానియాలోనో ఒకాయన నాలుగేళ్లు కష్టపడతాడు. జీతం, రసాయనాలు, ఎలుకలు, ఎలుకల మేత అన్నీ ప్రభుత్వానివే. ఫలితం వచ్చాక పేపరు, అంటే పరిశోధన వ్యాసం, రాసి మనకి ఉచితంగా పంపి, కాపీరైటు మన పేర రాసిచ్చి, పైన థాంక్స్ కూడా చెబుతాడు. దాన్ని మనం మరో ఇద్దరు ప్రొఫెసర్లకి పంపుతాం. వాళ్లు పిల్లలు పడుకున్నాక రాత్రిళ్లు కూర్చుని తప్పులు దిద్దిపెడతారు, అదీ ఉచితంగానే. అప్పుడు మనం రంగంలోకి దిగి, పేపరుని రెండు కాలమ్‌లుగా పేర్చి, మీద లోగో వేసి, రాసినాయన లైబ్రరీకే అమ్ముతాం. ఊరంతా బియ్యం తెచ్చి, ఊరంతా వండి, ఊరంతా ఉప్పు చూశాక, విస్తళ్లు వేసినవాడు గుమ్మంలో నిలబడి భోజనానికి టికెట్లు కోసినట్టు. టికెట్ కొన్నవాళ్లు కోపగించుకోరు సరికదా, తమ బియ్యం ఎవరి విస్తట్లో పడిందో బయోడేటాలో రాసుకుంటారు.

ధర చెప్పడంలో ఉంది అసలు కళ. లైబ్రేరియన్ గారు పది జర్నళ్లు చాలంటారు. విడిగా అయితే ఒక్కోటీ గుండె ఆగే ధర, వెయ్యి కలిపి కట్టగా తీసుకుంటే డిస్కౌంటు అని చెప్పాలి. అందులో తొమ్మిది వందల జర్నళ్లని ఆ ఊళ్లో ఎవరూ తెరిచి చూడరు, అయినా డిస్కౌంటు డిస్కౌంటే. ఒప్పందంలో ఓ మూల ఒక షరతు వేయడం మరిచిపోవద్దు: మీకు ఎంతకిచ్చామో పక్క యూనివర్సిటీకి చెప్పకూడదు. కూరగాయల బజార్లో ఇలాంటి షరతు పెట్టి చూడండి, తక్కెడ మిగలదు. ఇక్కడ చదువుకున్నవాళ్లు కాబట్టి సంతకం పెట్టారు. లోకంలోకెల్లా ధనిక యూనివర్సిటీ అయిన హార్వర్డ్ లైబ్రరీయే 2012లో ఏడాదికి 37.5 లక్షల డాలర్ల బిల్లు చూపించి, ఇది ఇక మోయలేమని తన అధ్యాపకులకి ఉత్తరం రాసింది. కొన్ని జర్నళ్ల చందా ఒక్కొక్కటే 40,000 డాలర్లట.

కాగితం రోజుల్లో ఒక లోపం ఉండేది. లైబ్రరీ చందా ఆపేసినా పాత సంచికలు బైండు చేసుకుని బీరువాలో పెట్టుకునేది. చెదలు పట్టినా అవి దానివే. ఎలక్ట్రానిక్ జర్నల్ వచ్చి ఆ లోపాన్ని సరిదిద్దింది. అమ్మకం పోయి అద్దె వచ్చింది. కొన్ని ఒప్పందాల్లో చందా ఆగితే, డబ్బు కట్టిన సంవత్సరాల పేపర్లకీ తాళం పడుతుంది. ఒక లైబ్రరీ మరో లైబ్రరీకి ఒక పేపరు అరువిచ్చే విషయంలో కొన్ని ఒప్పందాల్లో నాకు బాగా నచ్చిన షరతు ఒకటుండేది: పీడీఎఫ్‌ని పీడీఎఫ్‌లా పంపరాదు, ప్రింటు తీసి పోస్టులోనో ఫ్యాక్సులోనో పంపాలి. ఎలక్ట్రానిక్ యుగంలో తపాలా శాఖ గురించి ఇంతగా ఆలోచించినవారు మరొకరు లేరు.

1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద మన పెద్దలు పడవలో గ్రంథాలయం నడిపారు. పడవ ఆగిన రేవులో ఎవరు పడితే వాళ్లు పుస్తకం పట్టుకెళ్లేవారు. ఎంత అజాగ్రత్త! అదే మన చేతిలో ఉంటే, క్యాంపస్ నెట్ చిరునామా చూసి గానీ జర్నల్ తెరవనివ్వం కాబట్టి, ముందు పడవకి ఐపీ అడ్రస్ అడిగేవాళ్లం. కదిలే పడవని అధీకృత ప్రాంగణంగా లెక్కించాలా అని లీగల్ విభాగానికి పంపి, ఈలోగా కాలువ కట్టేసేవాళ్లం.

మనవాళ్లు ఎవరూ ప్రయత్నించలేదని కాదు. హైదరాబాదులోనే ఓమిక్స్ గ్రూపు వందల జర్నళ్లు పెట్టింది. పాఠకుడి దగ్గర కాకుండా రాసినవాడి దగ్గర వసూలు చేసింది. పేపర్ల సమీక్ష గురించి అబద్ధం చెప్పారని, ఫీజులు దాచారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేస్తే, 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. రాసినవాడి దగ్గర వసూలు చేయడం నేరమనుకునేరు. నేచర్ పత్రిక ఓపెన్ యాక్సెస్‌కి, అంటే పేపరుని అందరూ ఉచితంగా చదివేలా పెట్టడానికి, 2021లో పెట్టిన ధర పేపరుకి 9,500 యూరోలు, దాని మీద ఎవరూ కేసు వేయలేదు. సమీక్ష నిజంగా చేయించాలి, అంతే. అదెలాగూ ఉచితమే కదా, దాంట్లో కక్కుర్తి పడటమేమిటో నాకు అర్థం కాదు.

మన ప్రభుత్వం మాత్రం ఈ వ్యాపారం గొప్పదనాన్ని గుర్తించింది. 2024 నవంబరులో జర్నళ్ల చందా దేశం మొత్తానికి కేంద్రమే కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది: 2025 నుంచి మూడేళ్లకి 6,000 కోట్లు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300 పైచిలుకు ప్రభుత్వ సంస్థలు, 1.8 కోట్ల మంది పాఠకులు. తలకి ఏడాదికి 1,100 రూపాయల చిల్లర పడుతుంది. ఒక్కో కాలేజీ ఒంటరిగా వెళ్లి బేరమాడే కంటే ఇది నయం, శ్రీకాకుళంలో డిగ్రీ చదివే పిల్ల కూడా పేపరు తెరవగలదు. దాన్ని నేను వెక్కిరించను. కాకపోతే మన డబ్బుతో చేసిన పరిశోధనకి మళ్లీ మన డబ్బే కడుతున్నామని ఒక పాడు అనుమానం వస్తుంది. 2027తో గడువు తీరాక రేటు ఎవరు చెబుతారు, ఎవరు వింటారు అని ఇంకొకటి.

ప్రైవేటు కాలేజీలకి మొదటి దశలో చోటు లేదు. మన రెండు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎక్కువభాగం అవేనని వేరే చెప్పక్కర్లేదు. అక్కడి లెక్చరర్ ఏటా పేపర్లు రాయాలి, రాయకపోతే ఇంక్రిమెంటు టెన్షన్. చదవడానికి మాత్రం ఏమీ లేదు. పాపం, వాళ్లు రాత్రిపూట, తాళం వేసిన పేపర్లని ఉచితంగా ఇచ్చే సై-హబ్ అనే పైరసీ సైటు తెరిచేవారు. ప్రచురణకర్తలు ఎల్సెవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ 2020లో వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2025 ఆగస్టులో దాన్ని బ్లాక్ చేయించింది. చదవకుండా రాయడం అనే కొత్త ప్రక్రియకి ఆ విధంగా చట్టబద్ధత వచ్చింది.

ఈ వ్యాపారంలో రిస్కంటూ ఉంటే ఒక్కటే, ఉచితంగా పనిచేసేవాళ్లు మేలుకోవడం. 2023 ఏప్రిల్‌లో ఎల్సెవియర్ వారి మెదడు పరిశోధన జర్నల్ న్యూరోఇమేజ్ ఎడిటర్లు నలభై మందికి పైగా మూకుమ్మడిగా రాజీనామా చేశారు. రాసినవాడి దగ్గర పేపరుకి 3,450 డాలర్లు వసూలు చేయడం చాలా ఎక్కువ, తగ్గించమన్నారు. ఎల్సెవియర్ తగ్గించలేదు. వాళ్లు వెళ్లి సొంతంగా ఇంకో జర్నల్ పెట్టుకున్నారు.

కంగారు పడకండి. ఎడిటర్లు వెళ్లారు గానీ జర్నల్ పేరు, పాత పేపర్లు యజమాని దగ్గరే ఉన్నాయి. ఖాళీలు నింపుకోవడం మన దగ్గర ఎంతసేపు! ప్రమోషన్ ఫైల్లో ఎడిటోరియల్ బోర్డు సభ్యత్వం అనే గడి ఖాళీగా ఉన్నవాళ్లు ప్రతి డిపార్ట్‌మెంట్లోనూ ఇద్దరు ముగ్గురుంటారు. డియర్ ఎమినెంట్ ప్రొఫెసర్ అని ఒక ఈమెయిల్ కొట్టండి, మధ్యాహ్నం భోజనాల వేళకి జవాబు వచ్చేస్తుంది, ఫోటోతో సహా.